పిండి కొద్దీ రొట్టె

"పిండి కొద్దీ రొట్టె" అని తెలుగువారి సామెత. పెట్టిన సరుకును బట్టి, పడిన శ్రమను బట్టి ఫలితం ఉంటుందని దాని భావం. ఈ సామెత పుట్టిన కాలంలో రొట్టె తినే ప్రతి మనిషికీ అందులో పడిన పిండి ఎంతో తెలుసు. దంచినదీ, విసిరినదీ, జల్లించినదీ ఇంటివారే కదా! నేడు ఆ పరిస్థితి లేదు. సాయంకాలం బడి నుండి వచ్చిన పిల్లవాడు రంగు కాగితం చింపి బిస్కెట్టు తీస్తాడు. దాని పేరు వాడికి తెలుసు. ధర తెలుసు. దాని ప్రకటనలో వచ్చే పాట కూడా కంఠస్థమే. కాని ఆ బిస్కెట్టులో ఏమేమి ఉన్నాయి, ఎంతెంత ఉన్నాయి అని అడిగితే మాత్రం చెప్పలేడు. వాడే కాదు, ఆ పొట్లం కొని తెచ్చిన పెద్దలలో కూడా చాలామంది చెప్పలేరు.

తినే పదార్థం గురించి తినేవారికి తెలియకపోవడం చిన్న లోపం కాదు. ఇది ఉపన్యాసాలతో తీరే లోపమూ కాదు. ఆ పదార్థాన్ని ఒక్కసారి స్వయంగా చేసి చూస్తే సగం తీరిపోతుంది. అందుకు అన్నిటికంటే అనువైనది ఇంట్లో వత్తి, కోసి, కాల్చుకునే తీపి బిస్కెట్టు. ముఖ్యమైన సరుకులు మూడే. కావలసిన పరికరాలు పీట, అప్పడాల కర్ర, ఒక సీసా మూత. కనుక ఆడపిల్లలూ మగపిల్లలూ అనే భేదం లేకుండా ప్రతి ఇంటి పిల్లలూ ఈ పనిని ఒకసారైనా చేసి తీరాలి.

బిస్కెట్టు ఇంటికి సంబంధించినది కాదని, అది అంగడి సరుకని కొందరి అభిప్రాయం. దాని చరిత్ర చూస్తే ఆ అభిప్రాయం నిలవదు. బిస్కెట్టు అనే మాటకు మూలం లాటిన్ భాషలో ఉంది. రెండుసార్లు కాల్చినది అని దాని అర్థం. పూర్వం ఐరోపా నావికులు నెలల తరబడి ఓడలలో ప్రయాణం చేసేవారు. రొట్టె బూజు పట్టకుండా ఉండడానికి తడి లేకుండా కాల్చి వెంట తీసుకువెళ్లేవారు. అమెరికాలో ఇటువంటి తీపి బిస్కెట్టును కుకీ అంటారు. అది డచ్చి భాష నుండి వచ్చిన మాట. చిన్న కేకు అని దాని అర్థం.

భారతదేశంలో కూడా ఈ విద్యకు పాత చరిత్రే ఉంది. సూరత్‌లో డచ్చివారి రొట్టెల బట్టీ ఒక పార్శీ కుటుంబం చేతికి వచ్చిందనీ, నాన్‌ఖటాయి అక్కడి నుండే ప్రసిద్ధికెక్కిందనీ చెబుతారు. కేరళలోని తలశ్శేరిలో మంబల్లి బాపు 1880లో బిస్కెట్ల కర్మాగారం స్థాపించారు. 1892లో కలకత్తాలో ఒక చిన్న ఇంట్లో 295 రూపాయల పెట్టుబడితో మొదలైన వ్యాపారమే తరువాత బ్రిటానియాగా పెరిగింది. బొంబాయి శివారులోని విలే పార్లేలో 1929లో వెలసిన పార్లే సంస్థ 1939లో బిస్కెట్లు చేయడం మొదలుపెట్టింది. హైదరాబాదు చాయ్‌తో పాటు పేరు తెచ్చుకున్న ఉస్మానియా బిస్కెట్టుకు చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు వచ్చింది.

ఇంత జరిగినా ఇంటికీ బిస్కెట్టుకూ బంధం తెగలేదు. పండుగలకూ సెలవులకూ ఇంటి నుండి మైదా, చక్కెర, వనస్పతి బేకరీకి తీసుకుపోయి, దగ్గర నిలబడి బిస్కెట్లు చేయించుకుని, రేకు డబ్బాలలో నింపి తెచ్చుకునే అలవాటు అనేక పట్టణాలలో ఉండేది. బట్టీ బేకరీవానిదైనా కొలత ఇంటివారిదే. ఇక మైదా బిస్కెట్ల సంగతి అందరికీ తెలిసినదే. పిండిని చపాతీలా వత్తి, చాకుతో వంకర గళ్లుగా కోసి, నూనెలో వేయించి చేసే ఆ బిస్కెట్లనే మహారాష్ట్రలో శంకర్‌పాళే అనీ, కర్ణాటకలో శంకరపోళి అనీ అంటారు. వేయించడానికి బదులు కాల్చితే, నీటికి బదులు వెన్నతో కలిపితే అది కుకీ అవుతుంది. తేడా అంతే.

ఈ బిస్కెట్టు చేసే విధానంలో ప్రతి అడుగుకూ ఒక కారణం ఉంది. కారణం తెలిసిన పనిలోనే ఆనందం ఉంటుంది.

దీని లెక్క చాలా తేలిక. తూకంలో ఒక వంతు చక్కెర, రెండు వంతుల వెన్న, మూడు వంతుల మైదా. 50 గ్రాముల చక్కెర, 100 గ్రాముల వెన్న, 150 గ్రాముల మైదా తీసుకుంటే ఒక ఇంటికి సరిపోతుంది. ఇది తూకం లెక్కేగాని గిన్నె లెక్క కాదు. ఒకే గిన్నెతో కొలిచినా మైదా కంటే చక్కెర ఎక్కువ బరువు తూగుతుంది. సోల, తవ్వ వంటి పాత కొలతలకూ నేటి తూకానికీ ఉన్న భేదం పిల్లలకు ఇక్కడే తెలిసివస్తుంది. ఇంట్లో త్రాసు లేనివారు కిరాణా కొట్టులోనే తూయించి తెచ్చుకోవచ్చు.

ముందుగా చక్కెరను మెత్తగా పొడి చేయాలి. పలుకులుగా ఉంటే పిండిముద్ద గరుకుగా ఉండి, కోసేటప్పుడు అంచులు చిట్లుతాయి. మెత్తబడిన వెన్నలో ఈ పొడి వేసి తెల్లబడే వరకు గిలకొట్టాలి. చిటికెడు ఉప్పు, కొద్దిగా ఏలకుల పొడి చేర్చాలి. తరువాత జల్లించిన మైదాను రెండు విడతలుగా వేసి, ముద్ద అయ్యేవరకే కలపాలి. చపాతీ పిండిలా పిసకకూడదు. గోధుమలోని మాంసకృత్తులు నీటితో కలిసి నలిగితే సాగే జిగురు ఏర్పడుతుంది. దానినే గ్లూటెన్ అంటారు. చపాతీకి ఆ సాగుడు కావాలి. బిస్కెట్టుకు అది శత్రువు. వెన్న పిండి రేణువులను కప్పి ఆ జిగురును ఎక్కువగా పుట్టనివ్వదు. అందువల్లనే బిస్కెట్టు నోట్లో గుల్లగా విరుగుతుంది. ఒకే మైదా, ఒకే చేయి. పిసికితే ఒక వంటకం, పిసకకపోతే మరొక వంటకం!

పిండిముద్దను బిళ్లగా అదిమి, మూతపెట్టి అరగంట చల్లని చోట ఉంచాలి. ఫ్రిజ్ లేనివారు ముద్ద ఉన్న గిన్నెను చన్నీళ్ల పళ్లెంలో ఉంచవచ్చు. వెన్న గట్టిపడితే ముద్ద పీటకు అంటుకోదు, కోసిన ఆకారం చెదరదు. ఇంట్లో చిలికి తీసిన వెన్నలో నీరు ఎక్కువ కనుక ముద్ద జారుగా ఉంటే ఒకటి రెండు చెంచాల మైదా చేర్చుకోవచ్చు. తరువాత పీటపై పొడి పిండి చల్లి, అప్పడాల కర్రతో అర సెంటీమీటరు మందాన వత్తాలి. మందం అంతటా ఒకేలా ఉండడం ముఖ్యం. ఒకచోట పలుచగా, మరొకచోట మందంగా ఉంటే ఒక బిస్కెట్టు మాడుతుంది, పక్కది పచ్చిగా మిగులుతుంది. సీసా మూతతో గుండ్రంగా కోసి, మిగిలిన ముక్కలను మళ్లీ కలిపి వత్తుకోవాలి. సుమారు 25 బిస్కెట్లు వస్తాయి. ఇందులో సోడా వేయనక్కర లేదు. సోడా వేస్తే పిండి పొంగి కోసిన అంచులు మారిపోతాయి.

ఓవెన్ ఉన్న ఇంట్లో 170 నుండి 180 డిగ్రీల సెల్సియస్ వేడిమిలో 12 నుండి 15 నిమిషాలు కాల్చితే చాలు. లేనివారు అడుగు మందంగా ఉన్న పెద్ద గిన్నెలో రెండంగుళాల మందాన ఇసుకగాని ఉప్పుగాని పోసి, దానిపై చిన్న స్టాండు పెట్టి, మూతపెట్టి పది నిమిషాలు వేడి చేయాలి. తరువాత బిస్కెట్ల పళ్లెం లోపల ఉంచి సన్నని మంటపై కాల్చాలి. ఇందుకు ఇంచుమించు రెట్టింపు సమయం పడుతుంది. ప్రెషర్ కుక్కర్ మూతను వాడేవారు రబ్బరు చుట్టునూ విజిల్‌నూ తప్పక తీసివేయాలి. పొయ్యి దగ్గర పని జరిగేటప్పుడు పెద్దలు పక్కన ఉండి తీరాలి.

అంచులు బంగారు రంగుకు తిరగగానే పళ్లెం దించాలి. అప్పటికి బిస్కెట్టు మెత్తగానే ఉంటుంది. ఇంకా కాలలేదని తొందరపడి మళ్లీ లోపల పెడితే మాడిపోతుంది. చల్లారిన తరువాత అదే గట్టిపడుతుంది. మాంసకృత్తులూ కొన్ని రకాల చక్కెరలూ వేడికి కలిసి ఆ రంగునూ కమ్మని వాసననూ పుట్టిస్తాయి. ఈ మార్పును 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కామీ మయార్ వివరించాడు. దోసె ఎర్రబడడంలోనూ, రొట్టె అంచు కాలడంలోనూ ఉన్నది ఈ మార్పే.

వంట ఇక్కడితో ముగిసింది. అసలు పాఠం ఇక్కడి నుండి మొదలవుతుంది.

50 గ్రాముల చక్కెరను 25 బిస్కెట్లకు పంచితే ఒక్కొక్క దానిలో 2 గ్రాములు. వెన్న 4 గ్రాములు. మైదా 6 గ్రాములు. తీపి బిస్కెట్టు అనగానే అందరికీ గుర్తుకు వచ్చేది చక్కెర. కాని అందులో చక్కెరకు రెట్టింపు వెన్న ఉంది. గ్రాము చక్కెర సుమారు 4 కేలరీల శక్తినిస్తే, గ్రాము కొవ్వు సుమారు 9 కేలరీలు ఇస్తుంది. వెన్నలో కొంత నీరు పోగా మిగిలిన కొవ్వును లెక్కించినా, ఈ బిస్కెట్టులో చక్కెర ఇచ్చే శక్తికి మూడు రెట్లు మించి వెన్న నుండే వస్తుంది. నాలుక ఈ సంగతి చెప్పదు. త్రాసు చెబుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఒక సూచన చేసింది. విడిగా కలుపుకునే చక్కెరల నుండి, అలాగే తేనె, పండ్ల రసాలలోని చక్కెరల నుండి వచ్చే శక్తి రోజు మొత్తం శక్తిలో 10 శాతానికి లోపుగా ఉండాలనీ, 5 శాతానికి లోపుగా ఉంటే మరింత మేలనీ దాని సారాంశం. ఆ 5 శాతం అంటే పెద్దవారికి రోజుకు సుమారు 25 గ్రాములు. పైన చెప్పిన బిస్కెట్లు పన్నెండు తింటే 24 గ్రాములు అయిపోయినట్లే. మరి పొద్దున తాగిన పాలలోని చక్కెర ఏ లెక్కలోకి వస్తుంది? మధ్యాహ్నం తాగిన శీతల పానీయం ఏ లెక్కలోకి వస్తుంది? ఈ ప్రశ్న ఇతరులు వేస్తే ఉపదేశంలా ఉంటుంది. తన చేత్తో చక్కెర తూచిన పిల్లవాడికి తనంత తానే తోస్తుంది.

అటువంటి పిల్లవాడు కొన్న పొట్లం వెనుక ఉన్న చిన్న అక్షరాలు కూడా చదవగలుగుతాడు. అక్కడ సరుకుల పేర్లు బరువు ప్రకారం ఎక్కువ నుండి తక్కువకు వరుసగా ఉండాలని నిబంధన. మొదట గోధుమ పిండి, తరువాత చక్కెర అని ఉంటే దాని అర్థం ఏమిటో వాడికి తెలుస్తుంది. ఆ కొవ్వు వెన్నా, పామాయిలా అని చూస్తాడు. నూనెను గట్టిపరచి వనస్పతిగా చేసేటప్పుడు ట్రాన్స్ కొవ్వులు పుట్టవచ్చు. అవి గుండెకు చేటు. అందుకే ఆహారంలోని నూనెలు, కొవ్వులలో వాటిని 2022 జనవరి నుండి 2 శాతానికి మించనీయరాదని భారతదేశంలో నియమం వచ్చింది. చట్టం తన పని తాను చేస్తుంది. చదివి ఎంచుకోవడం కొనేవారి పని.

ఈ వాదనకు కొన్ని అభ్యంతరాలు ఉన్నాయి. వాటిని తోసిపుచ్చడం న్యాయం కాదు.

అంగడిలో కొద్ది రూపాయలకు దొరికే దానికి ఇంత శ్రమ ఎందుకు అన్నది మొదటి అభ్యంతరం. నిజమే. కర్మాగారపు బిస్కెట్టు నిందించదగిన వస్తువు కాదు. కూలి పనికి పోయేవారికి, రైలు ప్రయాణికులకు, వరదలలో చిక్కుకున్నవారికి అది చవకగా ఆకలి తీర్చింది. వెన్నతో ఇంట్లో చేసినది దానికంటే ఖరీదైనదే. కాని ఇక్కడ కోరుతున్నది రోజూ చేయమని కాదు. సంవత్సరంలో రెండు మూడుసార్లు చేసినా చాలు. ఈత నేర్చినవారు రోజూ ఏరు దాటనక్కర లేదు కదా!

ఇంట్లో చేసినది ఎంత తిన్నా మంచిదే అన్నది రెండవ మాట. ఇది అభ్యంతరం కాదు, భ్రమ. చక్కెర ఇంట్లో పడినా చక్కెరే, కర్మాగారంలో పడినా చక్కెరే. ఇంటి బిస్కెట్టు ఔషధం కాదు. దాని గొప్పతనమంతా అందులో ఏముందో చేసినవారికి తెలియడంలో ఉంది. తెలిసి రెండు తిని చాలించడం వేరు, తెలియక పొట్లం ఖాళీ చేయడం వేరు.

మూడవ అభ్యంతరం అన్నిటికంటే బరువైనది. ఇంటి పిండివంటల పేరుతో శ్రమ అంతా మళ్లీ అమ్మ మీద, అమ్మమ్మ మీద, ఇంటి ఆడపిల్ల మీద పడుతుందని ఆలోచనాపరులు భయపడతారు. ఆ భయానికి ఆధారం ఉంది. తరతరాలుగా వండినవారు ఒకరు, మెచ్చుకుంటూ తిన్నవారు మరొకరు. పొట్లం ఇంటికి వచ్చినప్పుడు అనేకమంది తల్లులకు ఒక గంట విశ్రాంతి దొరికింది. ఆ గంటను వారి నుండి లాక్కునే హక్కు ఎవరికీ లేదు. అందువల్ల ఈ పనికి ఒక షరతు ఉండాలి. పిండి జల్లించేది పిల్లలైతే వత్తేది నాన్న కావాలి. గిన్నెలు కడిగేది అన్నయ్య కావాలి. అమ్మ ఆ రోజు కూర్చుని రుచి చూడాలి. గిన్నె కడగని చేతికి వంట పూర్తిగా తెలిసినట్లు కాదు. ఒక్కసారి పొయ్యి దగ్గర అరగంట నిలబడిన మగపిల్లవాడు మరునాడు పళ్లెం ముందు కూర్చుని ఉప్పు తక్కువైందని విసుక్కోవడానికి వెనుకాడతాడు. ఆ సంకోచమే సంస్కారానికి మొదటి మెట్టు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణాలకు వెలుపల స్థిరపడిన తెలుగువారికి ఇందులో మరొక లాభం కూడా ఉంది. హోసూరులో, బళ్లారిలో, బరంపురంలో, షోలాపూరులో, యానాంలో పిల్లలు వీధిలోనో బడిలోనో వేరే భాషలు కూడా వింటూ పెరుగుతారు. అది వారి అదృష్టమే. కాని తెలుగు నిలబడేది ఎక్కువగా ఇంట్లోనే. ఇంట్లో కూడా భాష ఒంటరిగా బ్రతకదు, పనితో కలిసి బ్రతుకుతుంది. జల్లించడం, చెరగడం, గిలకొట్టడం, అదమడం, వత్తడం, పదును చూడడం అనే మాటలు నిఘంటువులో చదివితే మనసుకు ఎక్కవు. నాయనమ్మ పక్కన కూర్చుని పిండి కలుపుతూ వింటే మరపునకు రావు. జల్లెడ మూలపడిన ఇంట్లో జల్లించడం అనే మాట కూడా మూలపడుతుంది. కాగితం చింపడానికి ఒక్క మాట చాలు. పిండి నుండి బిస్కెట్టు దాకా రావడానికి ఇరవై మాటలు కావాలి.

చేతిపనిని చదువు నుండి వేరు చేయడం తప్పని ఈ దేశంలో పెద్దలు ఎప్పుడో గుర్తించారు. 1937లో వార్ధాలో జరిగిన విద్యా మహాసభలో గాంధీజీ చేతివృత్తి కేంద్రంగా చదువు సాగాలని ప్రతిపాదించారు. జాకిర్ హుస్సేన్ అధ్యక్షతన ఒక సంఘం అందుకు ప్రణాళిక తయారుచేసింది. 2020 నాటి జాతీయ విద్యా విధానం కూడా 6 నుండి 8 తరగతుల పిల్లలు పది రోజులపాటు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తులవారి దగ్గర పని నేర్చుకోవాలని సూచించింది. ఊరి బేకరీ బట్టీ దగ్గర ఒక రోజు గడిపితే నిష్పత్తి, ఉష్ణోగ్రత, కాలం, లాభనష్టాలు అన్నీ ఒకేచోట కనిపిస్తాయి. తెల్లవారుజామున లేచి బట్టీ వేడి ముందు నిలబడే పనివాని చెమట కూడా కనిపిస్తుంది. ఆ చెమట చూసినవారు బేకరీ గుమాస్తాను చులకనగా పిలవరు.

కనుక ఇళ్లలోని పెద్దలు ఒక సెలవు రోజున త్రాసును, జల్లెడను, అప్పడాల కర్రను పిల్లల చేతికి ఇవ్వాలి. మొదటి పళ్లెంలో కొన్ని మాడుతాయి. కొన్ని వంకరగా వస్తాయి. అందుకు కోప్పడకూడదు. ఎందుకు మాడాయో అడగాలి. కారణం పిల్లలే చెబుతారు. రెండవ పళ్లెంలో ఆ తప్పు తగ్గుతుంది. బాగా వచ్చిన వాటిలో నాలుగు పొరుగింటికి పంపాలి. అక్కడి పిల్లలు ఎలా చేశారని అడిగినప్పుడు ఒక వంతు, రెండు వంతులు, మూడు వంతులు అని తడుముకోకుండా చెప్పగలిగిన పిల్లలకు ఆ పాఠం వచ్చినట్లే.